అందరి ఫోన్లకీ ఒకే అకౌంట్

మా పాపకి పద్నాలుగో నెల నడుస్తుండగా మొదలైంది అది. మొదట చూసింది నేను కాదు, మా ఇంట్లో పనిచేసే ఆమె. హాల్లో చాప మీద కూర్చుని పాప స్టీలు గిన్నెలు ఒకదాంట్లో ఒకటి పెడుతోంది. నేను వంటింట్లో దాని కోసం పప్పన్నం మెత్తగా మెదుపుతున్నాను.

"అమ్మా, జర ఇటు రాండ్రి. పిల్ల గిట్ల చూస్తున్నదేంది?" అని కేక వేసింది ఆమె.

చెయ్యి కడుక్కుని వచ్చేసరికి పాప మామూలుగానే ఉంది. నన్ను చూసి గిన్నె చాపింది.

"ఏమైంది?" అన్నాను.

"ఏమో అమ్మా. కండ్లు ఒక దిక్కుకు పోయినయ్. పిలిస్తే పలుకలే. ఇగో, ఇప్పుడే మంచిగయింది."

"నిద్రొచ్చి ఉంటుందిలే."

ఆమె చీపురు పట్టుకుని అలాగే నిలబడింది. నా మాట ఆమె నమ్మలేదు. నేనూ నమ్మలేదు.

తర్వాతి మూడు వారాల్లో నాలుగుసార్లు నేనే చూశాను. ఆడుతూ ఆడుతూ ఆగిపోతుంది. చూపు ఎవరో లాగేసినట్టు ఒక పక్కకి వెళ్లి అక్కడే నిలిచిపోతుంది. పెదవులు చప్పరిస్తుంది. ఒక చెయ్యి బిగుసుకుంటుంది. పేరు పెట్టి పిలిచినా, చెవి దగ్గర చప్పట్లు కొట్టినా తిరగదు. ఇరవై సెకన్లు ఉంటుందేమో. తర్వాత ఏమీ జరగనట్టు మళ్లీ గిన్నె అందుకుంటుంది. ఆ ఇరవై సెకన్లలో నేను దాని పక్కనే కూర్చుని ఉంటాను, కానీ దానికి నేను అక్కడ లేనట్టే.

పిల్లల నరాల డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లాం. తలకి వైర్లు అంటించి అరగంట పరీక్ష చేశారు. ఆ అరగంటా పాప హాయిగా నిద్రపోయింది. రిపోర్టు బాగానే ఉందన్నారు. మా ఆయన ఊపిరి పీల్చుకునేలోపే డాక్టరుగారు తల అడ్డంగా ఊపారు.

"బాగుందంటే ఏమీ లేదని కాదండి. ఆ అరగంటలో రాలేదని, అంతే. మీరు చెప్పేది వింటే ఫిట్స్ లాగే ఉంది. కానీ ఈ వయసు పిల్లలు ఊరికే అలా చూస్తూ ఉండిపోవడం కూడా మామూలే. రోజూ మందు వెయ్యాలా వద్దా అన్నది నేను కళ్లతో చూస్తే చెప్పగలను. ఈసారి వచ్చినప్పుడు వీడియో తీసి తీసుకురండి. మొహం, రెండు చేతులూ కనపడాలి."

ముందు పాపని భద్రంగా పక్కకి తిప్పి పడుకోబెట్టాలనీ, ఐదు నిమిషాలు దాటితే వీడియో సంగతి వదిలేసి నేరుగా ఎమర్జెన్సీకి వచ్చెయ్యాలనీ చెప్పారు. మూడు వారాల తర్వాతి బుధవారం మళ్లీ రమ్మన్నారు. అంటే మూడు వారాల్లో ఒక్క వీడియో తియ్యాలి. మందు సంగతి దాని మీద ఉంది.

నేను చదివింది కంప్యూటర్ సైన్స్. పాప పుట్టకముందు మూడేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేశాను. నార్సింగిలో మా అపార్ట్‌మెంట్‌లో ఎవరి ఫోన్ మొరాయించినా నా దగ్గరికే వస్తారు. అలాంటి నేను, డాక్టరుగారు చెప్పిన నాలుగో రోజున పాప అలా ఆగిపోతే, ఫోన్ ఎక్కడుందో వెతుక్కోవడానికే ఆ ఇరవై సెకన్లు ఖర్చుపెట్టాను. సోఫా దిండు కింద దొరికింది. లాక్ తీసి, కెమెరా తెరిచి, ఫొటో నుంచి వీడియోకి మార్చేసరికి పాప నన్ను చూసి నవ్వుతోంది.

ఆ రోజు సాయంత్రం కూర్చుని నా ఫోన్‌కి నేనే పాఠం చెప్పాను. పక్కనున్న పవర్ బటన్‌ని రెండుసార్లు గబగబా నొక్కితే లాక్ తియ్యకుండానే కెమెరా తెరుచుకునే ఏర్పాటు సెట్టింగ్స్‌లో ఉంటుంది. చాలామంది ఫోన్లలో ఉంటుంది, చాలామందికి తెలియదు. కెమెరా ఎప్పుడూ ఫొటోతోనే మొదలవకుండా, చివరిసారి వీడియోలో వదిలేస్తే వీడియోతోనే తెరుచుకునేలా కూడా పెట్టుకోవచ్చు. రెండూ పెట్టాను. ఫోన్‌ని తాడు కట్టి మెళ్లో వేసుకున్నాను. స్నానానికి వెళ్లినా బాత్రూం గడియ దగ్గర వేలాడేది. పప్పు కలుపుతూ, బట్టలు మడతపెడుతూ ఆ బటన్ రెండుసార్లు నొక్కడం సాధన చేశాను.

తర్వాతిసారి అంతా సరిగ్గానే జరిగింది. పాపని పక్కకి తిప్పి, బటన్ నొక్కి, ఎర్ర చుక్క నొక్కాను. నాలుగు సెకన్లకి రికార్డింగ్ ఆగిపోయింది. ఫోన్‌లో ఖాళీ లేదట. ఆ నాలుగు సెకన్లూ సేవ్ కాలేదు.

ఆ మర్నాడు ఫోన్ అంతా ఊడ్చాను. గ్రూపుల్లో వచ్చే ఫొటోలూ వీడియోలూ వాటంతటవే డౌన్‌లోడ్ అవకుండా ఆపేశాను. అవే సగం నింపేస్తాయి. ఫైళ్లని సైజు ప్రకారం వరసలో పెట్టి చూస్తే పెద్దవేవో తెలుస్తాయి, పది తీసేస్తే వెయ్యి తీసినంత ఖాళీ వస్తుంది. అన్నిటికన్నా పెద్ద సాయం ఫొటోల యాప్‌లోనే ఉంది. అప్పటికే అకౌంట్‌లోకి చేరిపోయిన ఫొటోలని ఫోన్‌లోంచి మాత్రం తీసేసి, అకౌంట్‌లో భద్రంగా ఉంచే మీట ఒకటి. అది నొక్కాను. ఫోన్ తేలికపడింది.

మా ఇంట్లో ఆ అకౌంట్ కథ ఏమిటో చెప్పాలి. అది మా ఆయనది. మా పెళ్లికి ముందే ఆయన వాళ్లమ్మకి, అంటే మా అత్తయ్యకి, మొదటి స్మార్ట్‌ఫోన్ కొని, అందులో తన అకౌంటే పెట్టాడు. తర్వాత మావయ్యగారి ఫోన్‌లో, హాల్లో టీవీలో, పెళ్లయ్యాక నా కొత్త ఫోన్‌లో కూడా. "తలా ఒకటి ఎందుకు? పాస్‌వర్డులు మర్చిపోతారు, మళ్లీ నా ప్రాణాలు తీస్తారు" అనేవాడు. అమ్మానాన్నల ఫోన్లు కొడుకే నడిపే ఇళ్లలో ఇలాగే జరుగుతుంది. మా అంతస్తులో ఇంకో రెండిళ్లలో కూడా ఇంతే. నేను ఇక్కడ పాప ఫొటో తీస్తే, మూసాపేటలో అత్తయ్య ఫోన్‌లో కాసేపటికి కనిపించేది. నేను పంపకముందే ఆవిడ ఫోన్ చేసి "నీలం గౌను బాగుందే, దిష్టి తియ్యి" అనేవారు. మాకది ఇబ్బందని ఎప్పుడూ తోచలేదు. సౌకర్యం అనుకునేవాళ్లం.

అత్తయ్య ప్రతి బుధవారం మా ఇంటికి వచ్చేవారు. మూసాపేటలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, చివరి స్టేషన్‌లో దిగి, అక్కణ్నుంచి ఆటోలో. భోజనాలయ్యాక పాప పడుకున్న గంటలో ఆవిడకి నేను ఫోన్ పాఠం చెప్పేదాన్ని. ఒక పొడుగాటి నోటుబుక్కు తెచ్చుకుని చెప్పిందల్లా రాసుకునేవారు. అక్షరాలు పెద్దవి చేసుకోవడం ఎలా. మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే తెలుగులో అదే టైపు చేస్తుంది. ఎవరు పంపినా తెలియని లింకు నొక్కకూడదు, ఓటీపీ కన్నకొడుకు అడిగినా చెప్పకూడదు. ఫోన్ నిండిపోయిందంటే అక్కర్లేనివి తీసెయ్యాలి, ఆ తర్వాత చెత్తబుట్ట బొమ్మలోకి వెళ్లి అక్కడా తీసెయ్యాలి.

ఈ చివరిది ఆవిడకి నచ్చలేదు.

"ఒకసారి పారేశాక మళ్లీ పారెయ్యడమేమిటే? మీ చదువులన్నీ ఇంతే, ఒక పనికి రెండు పనులు."

"చెత్త గుమ్మం బయట పెడితే అయిపోతుందా అత్తయ్యా? బండి వచ్చి తీసుకెళ్లొద్దూ? ఇదీ అంతే."

ఆవిడ పకపకా నవ్వి ఆ మాట కూడా రాసుకున్నారు. అలా చెప్పగలిగినందుకు నాకు గొప్పగా అనిపించింది కూడా.

డాక్టరుగారి దగ్గరికి వెళ్లాల్సిన బుధవారం ఇంక ఐదు రోజులుందనగా, శుక్రవారం పొద్దున పదింటికి, అది దొరికింది. "దొరికింది" అనే రాస్తున్నాను, వేరే మాట తోచడం లేదు. పాప చాప మీద ఆగిపోయింది. ఎడమ చేత్తో దాని వీపు పట్టుకుని, కుడి చేత్తో తీశాను. మొహం, రెండు చేతులూ వచ్చేలా. పంతొమ్మిది సెకన్లు. వీడియోలో నా గొంతు ఉంది, పాపని పేరు పెట్టి ఏడుసార్లు పిలుస్తూ. ఒక్కసారి చూసి ఫోన్ బోర్లా పెట్టేశాను. రెండోసారి చూసే ధైర్యం రాలేదు.

మా ఆయనకి ఫోన్ చేశాను. కోకాపేటలో ఆఫీసు ఆయనది.

"దొరికింది. పంపనా?"

"పంపడమెందుకు? అకౌంట్‌లోకి వచ్చేస్తుందిగా. ఇక్కడ చూస్తాలే."

గంట తర్వాత ఒక్క ముక్క మెసేజ్ వచ్చింది: "చూశాను." మర్నాడు, మళ్లీ వస్తే ఫోన్‌లో చోటు ఉండాలని, ఆ మీట ఇంకోసారి నొక్కాను. ఫోన్‌లో ఉన్నది పోయి, అకౌంట్‌లో ఉన్నది మిగిలింది.

అత్తయ్యకి మేమిద్దరం ఏమీ చెప్పలేదు. డాక్టరుగారి దగ్గరికి టీకాలకని చెప్పి వెళ్లాం. "తేలాక చెబుదాం. అమ్మకి తెలిస్తే గుంటూరులో చుట్టాలందరి దాకా తెలుస్తుంది. రేపు ఆడపిల్లకి..." అని మా ఆయన మాట పూర్తి చెయ్యలేదు. నేను పూర్తి చెయ్యమనలేదు. ఇద్దరం ఇంజినీర్లం. ఫిట్స్ అన్న మాటకి మాత్రం మా అమ్మమ్మలలాగే భయపడ్డాం. అంత జాగ్రత్తగా దాచిన నాకు, రోజూ నీలం గౌను గురించీ పసుపు గౌను గురించీ ఆవిడ ఫోన్‌లో వింటున్న నాకు, ఆ వీడియో కూడా నేరుగా మూసాపేటకే వెళ్తుందని తట్టలేదు. ఎలా తట్టలేదో ఇప్పటికీ నాకు నేను చెప్పుకోలేకపోతున్నాను.

మంగళవారం, అంటే వెళ్లాల్సిన రోజుకి ముందురోజు, లాప్‌టాప్‌లోకి కూడా ఒక కాపీ దించుదామని ఫొటోల యాప్ తెరిచాను. శుక్రవారం దగ్గరికి వెళ్లాను. దోసె ముక్క పట్టుకున్న పాప ఫొటో ఉంది. దాని పక్కన మధ్యాహ్నం నిద్రపోతున్న పాప ఫొటో ఉంది. మధ్యలో ఏమీ లేదు. యాప్ మూసి తెరిచాను. ఫోన్ ఆపి పెట్టాను. చెత్తబుట్టలోకి వెళ్లాను. ఖాళీగా ఉంది. పొరపాటున ఏదైనా పోతే అది చెత్తబుట్టలోనే ఉంటుంది. ఇది ఊడ్చి తుడిచినట్టు ఉంది. అది చూడగానే నాకు అర్థమైంది.

"అత్తయ్యా, మీ ఫోన్‌లో ఏమైనా తీసేశారా?"

"అదేమిటే, నీకెలా తెలిసింది? ఆదివారం తీసేశా. నిండిపోయింది నిండిపోయింది అని రెండ్రోజులుగా ఒకటే పోరు. నీ పాఠాల నోటుబుక్కు ముందు పెట్టుకుని చేశా. మీ మావయ్యగారిని కూడా అడగలేదు తెలుసా! చెత్త బండి కూడా పంపించేశా."

గొంతులో సంతోషం. బాగుందంటానని చూస్తున్నారు.

"పాప వీడియో ఒకటి ఉండాలి... శుక్రవారానిది."

అటునుంచి టీవీ శబ్దం వినిపించింది, తర్వాత అది తగ్గింది.

"ఉంది," అన్నారు. "చూశాను. ఏమిటమ్మా అది? మీరిద్దరూ చెబుతారేమోనని నాలుగు రోజులుగా చూస్తున్నా. దాని మొహం అలా... నా ఫోన్‌లో ఉంచుకోలేకపోయానే. తెరిచినప్పుడల్లా అదే వస్తోంది. మీ దగ్గర ఉంటుందిగా అని తీసేశా."

"మా దగ్గర కూడా పోయింది అత్తయ్యా."

"నా ఫోన్‌లో తీస్తే నీ ఫోన్‌లో ఎందుకు పోతుంది?"

ఎంత మామూలు ప్రశ్న అది. మూడు నెలలుగా బుధవారం బుధవారం పాఠం చెప్పిన నేను ఈ ఒక్కటి చెప్పలేదు. అందరం ఒకే అకౌంట్‌లో ఉన్నామనీ, ఒకరు పారేస్తే అందరిదీ పోతుందనీ, అందులో పెట్టడమంటే దాచుకోవడం కాదు, ఒకే వస్తువుని నలుగురం పట్టుకోవడమనీ.

"అది డాక్టరుగారికి చూపించాలి. రేపే," అన్నాను.

"అయ్యో," అన్నారు. తిట్టినా బాగుండేది, దాచినందుకు.

మా ఆయన ఆఫీసు నుంచి మధ్యాహ్నమే వచ్చేశాడు. ఆయన ఉద్యోగం ఏదో పెద్ద సంస్థ డేటాకి మూడేసి కాపీలు పెట్టి కాపాడటం. నా ఫోన్‌కి కేబుల్ పెట్టి, పోయిన ఫైళ్లు వెతికే సాఫ్ట్‌వేర్ ఒకటి నడిపాడు. పాత స్క్రీన్‌షాట్లూ, ఎవరివో వంటల వీడియోలూ, సగం విరిగిన ఫొటోలూ వచ్చాయి. అది రాలేదు. ఫొటోల యాప్ కంపెనీ సాయం పేజీలో రాసి అడిగాడు. మర్యాదగానే జవాబు వచ్చింది: చెత్తబుట్ట ఖాళీ చేశాక తిరిగి తేలేము.

"నాకు పంపి ఉండాల్సింది నువ్వు," అన్నాడు.

"పంపనా అని అడిగాను."

నా ఫోన్‌లోంచి కేబుల్ ఊడదీశాడు. "అడిగావు," అన్నాడు.

బుధవారం అత్తయ్య కూడా వచ్చారు. రావద్దని ఎవరం అనలేదు. డాక్టరుగారి గదిలో నా పక్కన కుర్చీలో, చేతి సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. పాప మా ఆయన భుజం మీద.

"వీడియో దొరికిందా అమ్మా?"

"దొరికింది సార్. డిలీట్ అయిపోయింది," అన్నాడు మా ఆయన.

"నేనే తీసేశానండి. నాకు తెలియక," అన్నారు అత్తయ్య.

డాక్టరుగారు కోప్పడలేదు. ఇలాంటివి ఆయనకి కొత్త కాదనుకుంటాను. "సరే, మీరు దగ్గరుండి చూశారు కదా. ఎలా వచ్చిందో చేసి చూపించండి," అన్నారు నాతో.

నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమై, కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. నా బిడ్డ మొహం నా మొహం మీదికి తెచ్చుకున్నాను. కళ్లు పక్కకి తిప్పి నిలిపాను. పెదవులు చప్పరించాను. ఎడమ చెయ్యి బిగబట్టాను. ఎదురుగా పాప నన్ను చూసి, ఆటనుకుని కిలకిలా నవ్వింది.

"అది కాదమ్మాయ్," అన్నారు అత్తయ్య మెల్లగా. "కుడి చెయ్యి."

"ఎడమ చెయ్యి అత్తయ్యా. గిన్నె ఉన్న చెయ్యి."

"గిన్నె కుడి చేతిలో ఉంది. నేను పదిసార్లు చూశానే."

నేను ఒక్కసారి చూశాను. ఆవిడ పదిసార్లు చూశారు. కానీ నేను పాప పక్కన ఉన్నాను. ఎదురుగా ఉన్న మనిషి కుడి మనకి ఎడమ వైపు కనబడుతుంది, అది లెక్కేసుకుని చూశానా లేదా? ఆవిడ లెక్కేసుకున్నారా? కళ్లు కిటికీ వైపు తిరిగాయని నాకు గుర్తు. కానీ నేను కిటికీకి అటు కూర్చున్నానా, ఇటా?

"నువ్వు చెప్పు. నువ్వు కూడా చూశావుగా," అన్నాను మా ఆయనతో. అత్తయ్య ముందు ఎప్పుడూ మీరు అనేదాన్ని. ఆ రోజు ఆ సంగతే గుర్తు రాలేదు.

"నాకు మొహమే గుర్తుంది," అన్నాడు. "చేతులు చూళ్లేదు."

డాక్టరుగారు కాగితం మీద ఏదో రాసి దాని పక్కన ప్రశ్న గుర్తు పెట్టారు. ఏ పక్క నుంచి మొదలవుతోందన్నది తెలిస్తే చాలా సంగతులు తేలిపోయేవని చెప్పారు. పాపని హాస్పిటల్‌లో ఉంచి ఒక రోజంతా కెమెరా ముందు వైర్లు పెట్టి చూసే పరీక్ష ఉందట. దానికి చోటు దొరకడానికి రెండు వారాలు పడుతుంది. ఈలోగా మందు మొదలుపెట్టడం లేదనీ, పెద్దగా వచ్చినా, వెంటవెంటనే వచ్చినా ఆగకుండా తీసుకురమ్మనీ అన్నారు.

"ఈలోగా మళ్లీ వస్తే వీడియో తియ్యండి," అన్నారు లేస్తూ. "వస్తే మంచిదే. రాకపోయినా మంచిదే అనుకోండి."

ఆ వారాంతం మా ఆయన అందరికీ వేరు వేరు అకౌంట్లు చేశాడు. నాది నాకు, అత్తయ్యది అత్తయ్యకి. పాప ఫొటోలు పంచుకోవడానికి ఒక ఆల్బమ్ పెట్టాడు. అందులో ఎవరు పెట్టింది వాళ్లే తియ్యగలరు. మొదట్లోనే చెయ్యాల్సిన పని, గంటన్నర పట్టింది. అత్తయ్య ఇప్పుడు ఫోన్‌లో ఏదీ తియ్యరు. పూలగుత్తి మీద శుభోదయం అని వచ్చిన బొమ్మ తియ్యాలన్నా నాకు ఫోన్ చేస్తారు. "ఇది తీస్తే పాపవి ఏమీ పోవుగా?" అంటారు. పోవు అత్తయ్యా, తియ్యండి అంటాను. అయినా తియ్యరు.

డాక్టరుగారి దగ్గరికి వెళ్లొచ్చి తొమ్మిది రోజులైంది. ఒక్కసారి కూడా రాలేదు. ఫోన్ మెళ్లోనే ఉంది. ఖాళీ ఉంది, చార్జింగ్ ఉంది, తీసిన వెంటనే మా ఆయనకీ, నా మెయిల్‌కీ, లాప్‌టాప్‌కీ మూడు చోట్లకి వెళ్లేలా పెట్టుకున్నాను. పాప గిన్నెలు పేరుస్తుంటే నేను దాని కళ్లని చూస్తూ కూర్చుంటాను. కాసేపు ఒకవైపే చూస్తే నా వేలు బటన్ మీదికి వెళ్తుంది. అది పావురాన్ని చూస్తూ ఉంటుంది.

"పిల్లను ఆడిపిస్తున్నవా, కాపలా కాస్తున్నవా అమ్మా?" అంది పనామె నిన్న. "గట్ల పరేషాన్ గాకు. ఇగ రాదు తీయ్."

రాకూడదు. ఏ తల్లయినా అదే కోరుకుంటుంది. నేను మాత్రం పొద్దున లేచి, ఇవాళ ఒక్కసారి రావాలని, చిన్నగా, పగటిపూట, వెలుతురు ఉన్నప్పుడు, నేను పక్కన ఉన్నప్పుడు రావాలని కోరుకుంటున్నాను. తర్వాత అలా కోరుకున్నందుకు పాపని ఎత్తుకుని, అది విడిపించుకునేదాకా వదలను.

మా ఆయన సాయంత్రం బూట్లు విప్పకముందే "వచ్చిందా?" అని అడుగుతాడు.

"రాలేదు," అంటాను.

ఆయన తల ఊపి లోపలికి వెళ్తాడు. ఏ జవాబు విందామని అడిగాడో ఆ గొంతును బట్టి నాకు తెలియదు. నేను ఏ గొంతుతో చెప్పానో ఆయనకీ తెలిసి ఉండదు.